పెద్దవూర బత్తాయి తోటలో జెండా మాస్ట్: రాజ్‌పుత్ షిప్‌మేట్ల కలయిక ప్రాజెక్టు డైరీ

పాత సర్వీసు మిత్రులను ఒకచోట చేర్చాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. వేదిక, మైకు, శాలువాలు ఎవరైనా ఏర్పాటు చేస్తారు. మేం చేసింది వేరు. వచ్చినవాళ్ల చేతికి తాడు ఇచ్చి, షిప్ మీద చేసిన పనే మళ్లీ చేయించాం. దానికి కావలసిన మాస్ట్ (జెండా స్తంభం), సిగ్నల్ జెండాలు (ఒక్కో అక్షరానికి ఒక్కో జెండా), గంట సొంతంగా తయారు చేసుకున్నాం. ఏది విరిగింది, ఏది మార్చాం, ఎంత ఖర్చయింది అన్నీ ఇందులో ఉన్నాయి. నేను నేవీలో షిప్‌రైట్‌గా (షిప్ కట్టుబడి మరమ్మతు పని) చేశాను కాబట్టి మాస్ట్ గురించే ఎక్కువ రాస్తాను.

మా షిప్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. 1980 మే 4న, అప్పటి సోవియట్ యూనియన్‌లో ఉన్న జార్జియాలోని పోతీ రేవులో కమిషన్ అయింది, అంటే నేవీ సేవలో చేరింది. 41 ఏళ్ల తర్వాత 2021 మే 21న విశాఖ డాక్‌యార్డ్‌లో డీకమిషన్ చేశారు, సేవ నుంచి తప్పించారు. అది కోవిడ్ రెండో వేవ్ సమయం. స్టేషన్‌లో ఉన్నవాళ్లు తప్ప బయటివాళ్లెవరూ వెళ్లే వీలు లేదు. సూర్యాస్తమయం వేళ ఎన్‌సైన్ (నేవీ జెండా) చివరిసారి కిందికి దిగుతుంటే మేం పక్కన లేము. ఆ లోటు మా అందరికీ అలాగే ఉండిపోయింది. అందుకే కలయికలో ఏం ఉన్నా లేకపోయినా జెండా ఎక్కించడం, దించడం మా చేతులతోనే జరగాలని అనుకున్నాం.

తేదీ మే 4 పెట్టుకుందామంటే నల్గొండ ఎండకు పెద్దవాళ్లు తట్టుకోలేరు. 1971లో కరాచీ మీద దాడి చేసిన రోజు, నేవీ డే, డిసెంబరు 4 అనుకున్నాం. 2022లో అది ఆదివారం కూడా. కానీ ఆ ఏడాది నేవీ డే విన్యాసాలు విశాఖ బీచ్‌లోనే పెట్టారు, రాష్ట్రపతి వస్తున్నారు. విశాఖవాళ్లు ఆ రోజు ఊరు కదలరు. దాంతో డిసెంబరు 11 ఖాయం చేశాం.

చోటు మా బంధువుల బత్తాయి తోట. నల్గొండ జిల్లాలో, హాలియా నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో పెద్దవూర పక్కన. విశాఖ నుంచి వచ్చేవాళ్లకు విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి రెండూ నల్గొండలో ఆగుతాయి. హైదరాబాద్ వాళ్లకు మాల్, మల్లేపల్లి మీదుగా రోడ్డు ఉంది.

పని మొదలుపెట్టేముందు ఒక నియమం పెట్టుకున్నాం: ఏ పనైనా డెబ్బై దాటిన మనిషి నేల మీద నిలబడి చేయగలగాలి. నిచ్చెన ఎక్కడం ఉండకూడదు. కింద మార్చినవాటిలో చాలావరకు ఈ నియమం వల్ల మార్చినవే.

దశ 1: మొదటి మాస్ట్, దాన్ని ఎందుకు కోసేశాం

జీఐ పైపులు మూడు సైజులు తీసుకున్నాం. అన్నీ మీడియం గేజ్.

1. అడుగు పైపు రెండున్నర అంగుళాలది (బయటి కొలత 76 మి.మీ.), 13 అడుగులు. అందులో 3 అడుగులు కాంక్రీటులో.
2. మధ్య పైపు రెండు అంగుళాలది (60 మి.మీ.), 10 అడుగులు. అడుగున్నర కింది పైపులోకి దిగుతుంది.
3. పై పైపు ఒకటిన్నర అంగుళాలది (48 మి.మీ.), 7 అడుగులు. ఒక అడుగు లోపలికి.

నేల మీద మొత్తం ఎత్తు 24 అడుగుల 6 అంగుళాలు. గొయ్యి 2 × 2 × 3 అడుగులు. మాది ఎర్ర చెలక, అడుగున్నర దాటితే గట్టి మొరం తగులుతుంది. గునపంతోనే తవ్వాలి.

మొదటి ఇబ్బంది పైపుల అతుకు దగ్గర వచ్చింది. చిన్న పైపు పెద్ద పైపులో వదులుగా కూర్చుంటుంది. కింది అతుకులో చుట్టూ 4 మి.మీ. పైగా ఖాళీ, పై అతుకులో రెండు మి.మీ. పైన. చెక్క మేకులు కొట్టి బిగించాం. నిలబెట్టిన వారంలోపే ఎండకు చెక్క కుంచించుకుపోయి, గాలి వీచినప్పుడల్లా పైపు టకటకమంటూ ఊగింది. కింద నుంచి గుండు దారం వేలాడదీసి చూస్తే కొన నాలుగు అంగుళాలు పక్కకు ఒరిగి ఉంది.

రెండో ఇబ్బంది అంతకన్నా పెద్దది. పైన బిగించిన గిరక పక్కలకూ చక్రానికీ మధ్య సందు 7 మి.మీ. మేం వేసిన తాడు 6 మి.మీ. నైలాన్. ఒకరోజు గాలికి తాడు చక్రం మీద నుంచి జారి ఆ సందులో ఇరుక్కుంది. కింద నుంచి ఎంత లాగినా ఇంకా బిగుసుకుందే తప్ప రాలేదు. కరెంటు స్తంభాలెక్కే కుర్రాణ్ని పిలిపించాం. మధ్య పైపు దాకా ఎక్కాడు, కొన ఊగడం చూసి మేమే దిగిపొమ్మన్నాం. గిరక కోసం ఒక పిల్లవాడి నడుము పణంగా పెట్టే పని కాదు.

నేలకు స్థిరంగా పాతిన మాస్ట్‌కు పైన ఏం పాడైనా మనిషి ఎక్కాల్సిందే. మా నియమానికి అది కుదరదు. నాలుగు వైపులా తాళ్లు కట్టి పట్టుకుని, గ్రైండర్‌తో నేల మట్టానికి కోసి పడుకోబెట్టాం. అడుగు పైపు సరిగ్గా 10 అడుగులు మిగిలింది.

ఖర్చు: పైపులు రూ. 6,900. సిమెంటు, ఇసుక, కంకర రూ. 1,500. కూలి రూ. 1,200. మొత్తం రూ. 9,600.

దశ 2: వాలే మాస్ట్

చిన్న పడవల్లో వంతెన కింద నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాస్ట్‌ను వెనక్కి వాల్చేస్తారు. మాస్ట్ అడుగున రెండు పలకల మధ్య ఒక పెద్ద బోల్టు మీద అది తిరుగుతుంది. ఆ పలకల చట్రాన్ని టాబర్‌నాకిల్ అంటారు. అదే ఇనప చానెళ్లతో చేశాం.

1. పాత గొయ్యికి నాలుగు అడుగుల అవతల కొత్త గొయ్యి: 2.5 × 2.5 అడుగులు, లోతు 3.5 అడుగులు.
2. 100 × 50 మి.మీ. చానెళ్లు రెండు, ఒక్కోటి ఆరున్నర అడుగులు. సగం కాంక్రీటులో, సగం పైన. చదునైన వీపులు ఒకదానికొకటి ఎదురుగా, మధ్య ఖాళీ 80 మి.మీ.
3. ఆ 80 మి.మీ. ఖాళీ చెదరకుండా, అదే కొలతకు కోసిన టేకు ముక్కలు మూడు చోట్ల పెట్టి బిగించి, ఆ తర్వాతే కాంక్రీటు పోయాలి. లేకపోతే కంకర దిమ్మిసే దెబ్బలకు చానెళ్లు దగ్గరకొచ్చేస్తాయి.
4. కాంక్రీటు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు), సిమెంటు నాలుగు బస్తాలు. గోనె సంచులు కప్పి వారం రోజులు తడిపాం. ఆ నెలంతా మాస్ట్ ఎక్కించలేదు.
5. నేల నుంచి 3 అడుగుల ఎత్తున తిరిగే బోల్టు, 20 మి.మీ. నేల నుంచి 6 అంగుళాల ఎత్తున తాళం బోల్టు, అదీ 20 మి.మీ.
6. మాస్ట్ అడుగుకూ కాంక్రీటుకూ మధ్య 2 అంగుళాల ఖాళీ. ఇది లేకపోతే తిరిగేటప్పుడు పైపు నేలకు తగులుతుంది.

పైపుకు నేరుగా రంధ్రం వేసి బోల్టు దూర్చేద్దామనుకుంటే వెల్డర్ ఆపాడు. "గిట్లయితే పైపు అంచు బోల్టు మీద అరిగి రంధ్రం సాగిపోతది సార్. లోపట స్లీవు ఏసుకుందాం" అన్నాడు. ముప్పావు అంగుళం పైపు ముక్క తెచ్చాడు. దాని లోపలి వెడల్పు 21 మి.మీ. పైచిలుకు, 20 మి.మీ. బోల్టు సరిగ్గా పడుతుంది. మాస్ట్‌కు అడ్డంగా 27 మి.మీ. రంధ్రం వేసి, ఆ ముక్క దూర్చి రెండు వైపులా వెల్డింగ్ చేశాడు. ఈ ఒక్క సలహా మొత్తం మాస్ట్‌ను కాపాడింది. మీరు చేస్తే ఇది మాత్రం మానకండి.

అతుకుల దగ్గర చెక్క తీసేసి ఇనప పట్టీలు రింగులుగా వంచి చిన్న పైపుకు రెండేసి చోట్ల వెల్డింగ్ చేశాం. కింది అతుకుకు 4 మి.మీ. పట్టీ, పై అతుకుకు 2 మి.మీ. టకటక పోయింది. కొన ఒరగడం అర అంగుళానికి తగ్గింది.

మాస్ట్ బరువు నలభై రెండున్నర కిలోలు. బరువు తక్కువే గానీ, పడుకుని ఉన్నప్పుడు దాని భారమంతా తిరిగే బోల్టుకు దాదాపు 8 అడుగుల దూరంలో ఉంటుంది. నేల మీద నుంచి తాడు కట్టి లాగితే తాడు మాస్ట్ వెంబడే పోతుంది, పైకి లేపదు. మొదట ఇదే జరిగింది. మాస్ట్ కదల్లేదు, లంగరు రాయి మాత్రం కదిలింది.

దీనికి విరుగుడు గిన్ పోల్, అంటే తాడును ఎత్తు నుంచి లాగేలా చేసే సాయం స్తంభం. మొదట్లో అడుగు పైపు 13 అడుగులకు కోయగా మిగిలిన 7 అడుగుల ముక్కను, మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు నిటారుగా నిలబడేలా బోల్టు దగ్గర బిగించాం. దాని కొన నుంచి మాస్ట్ మీద 18 అడుగుల దగ్గరికి ఒక తాడు. అదే కొన నుంచి రెండో పక్కకు మూడు వరుసల కప్పీ తాడు. స్ప్రింగ్ కాంటా తగిలించి చూస్తే, మాస్ట్ నేల వదిలే క్షణంలో 24 కిలోలు చూపింది. పైకి లేచేకొద్దీ తగ్గుతూ పోయింది. నలుగురు పట్టుకుంటే మనిషికి 6 కిలోలు. బావి నుంచి బకెట్ నీళ్లు తోడినంత బలం చాలు.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. మాస్ట్ పక్కకు ఒరగకుండా రెండు పక్కలా స్టే తాళ్లు ఉంటాయి. వాటిని నేలకు పాతిన మేకులకు కడితే, నిలబడి ఉన్నప్పుడు బిగువుగానే ఉంటాయి. వాల్చడం మొదలుపెట్టగానే వదులైపోతాయి. మా కొలతల్లో రెండు అడుగులకు పైగా వదులొచ్చింది. పక్క నుంచి గాలి తగిలి మాస్ట్ అడ్డంగా ఊగి చానెల్‌ను వంచబోయింది. తాడు కట్టే చోటు తిరిగే బోల్టు ఎత్తులోనే, దానికి తిన్నగా ఉంటే ఈ సమస్య రాదు. ఎక్కడ వాల్చినా తాడు పొడవు మారదు.

పాత కంచె తాలూకు రాతి కడీలు తోటలో పడి ఉన్నాయి. రెండు కడీలను మాస్ట్‌కు చెరో వైపు 12 అడుగుల దూరంలో, నేల పైన 3 అడుగులు ఉండేలా పాతాం. ఎత్తు సరిచూడటానికి మేస్త్రీ నీళ్ల పైపు లెవెల్ వాడాడు. మూడో కడీని కప్పీ తాడుకు లంగరుగా 15 అడుగుల అవతల పాతాం. ఆ తర్వాత మాస్ట్ నిటారుగా లేచి నిటారుగా దిగింది, పక్కకు ఒక్క అంగుళం పోలేదు.

ఖర్చు: చానెళ్లు 38 కిలోలు, రూ. 2,470. సిమెంటు, ఇసుక, కంకర రూ. 2,700. వెల్డింగ్ రూ. 2,500. బోల్టులు, వాషర్లు రూ. 430. కడీలకు ఖర్చు లేదు. ఈ దశ రూ. 8,100. ఇప్పటిదాకా రూ. 17,700.

దశ 3: తాడు

ట్రయల్ చూడటానికి మా పాత చీఫ్ గారు శ్రీకాకుళం నుంచి ముందే వచ్చారు. డెక్ మీద మాకు తాడు పని నేర్పింది ఆయనే. జెండా తాడు ఆయన చేతికిచ్చాను. 6 మి.మీ. నైలాన్. రెండు గుంజులు గుంజి ఆగిపోయారు. అరచేయి తెరిచి చూపించారు. చూపుడు వేలు, మధ్య వేలు కణుపుల దగ్గర వాచి ఉన్నాయి, పిడికిలి పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఆ పిడికిలిలో సన్న తాడు పట్టుకు దొరక్క జారిపోతోంది. అరచేతికి అడ్డంగా ఎర్రటి గీత పడింది.

"తాడు మంచిదేరా. ఇప్పటి చేతులకు ఇది చాలదు. లావుది తే" అన్నారు.

హాలియాలో 8, 10, 12 మి.మీ. ముక్కలు తెచ్చి ఆయన చేతికే ఇచ్చి చూశాం. 8 ఇంకా జారుతోంది. 12 పట్టుకు బాగుంది కానీ గిరకలో పట్టదు. 10 మి.మీ. అల్లిక తాడు, పాలిస్టర్, కుదిరింది. అల్లిక తాడుకు పైపొర గరుకుగా ఉంటుంది, మెలి తిరగదు. పురి తాడు వాడితే జెండా చుట్టూ తిరిగి చుట్టుకుపోతుంది.

గిరక మార్చాం: 3 అంగుళాల నైలాన్ చక్రం, పక్కలకు సందు 2 మి.మీ. లోపే. 10 మి.మీ. తాడు ఆ సందులోకి దూరనే దూరదు. మొదటి దశలో మమ్మల్ని ఆపిన సమస్య, చీఫ్ గారి వేళ్ల కోసం చేసిన మార్పుతోనే పోయింది.

తాడు కట్టే క్లీట్ నేల నుంచి 4 అడుగుల ఎత్తున పెట్టాం. మొదట రెండున్నర అడుగులే ఉండేది. వంగి కట్టాలంటే సగం మందికి నడుము నొప్పి.

ఖర్చు: జెండా తాడు 18 మీటర్లు రూ. 630. కప్పీ తాడు 12 మి.మీ., 30 మీటర్లు రూ. 1,200. కప్పీలు రెండు రూ. 1,300. పై గిరక రూ. 350. స్టే తాళ్లు రూ. 900. ఈ దశ రూ. 4,380. ఇప్పటిదాకా రూ. 22,080.

దశ 4: జెండాలు

ముందు నిబంధన సంగతి. మాస్ట్‌కు అడ్డ వాసం పెట్టి, పైన జాతీయ జెండా, పక్కల సిగ్నల్ జెండాలు ఎగరేద్దామని మొదటి డ్రాయింగ్. 2002 నాటి ఫ్లాగ్ కోడ్ చదివాక ఆ డ్రాయింగ్ పక్కన పెట్టాం. ఒకే స్తంభం మీద జాతీయ జెండాతో పాటు ఇంకో జెండా ఎగరేయకూడదు, దానికన్నా ఎత్తున ఏదీ ఉండకూడదు. కాబట్టి మాస్ట్ మీద జాతీయ జెండా ఒక్కటే. సైజు కోడ్‌లో ఉన్న 1800 × 1200 మి.మీ. నేవీ ఎన్‌సైన్ కూడా కావాలని కొందరు గట్టిగా అడిగారు. 2022 సెప్టెంబరు 2న కొత్త ఎన్‌సైన్ వచ్చింది, చూడాలని అందరికీ ఉంటుంది. కానీ అది కమిషన్‌లో ఉన్న షిప్పులది, స్థావరాలది. మేం ఎగరేయలేదు, ఫొటో పెద్దది ప్రింట్ తీసి భోజనాల దగ్గర పెట్టాం.

సిగ్నల్ జెండాలకు వేరే చోటు చూశాం. రెండు వేప చెట్ల మధ్య 16 అడుగుల ఎత్తున వెదురు వాసం కట్టాం. షిప్ పేరు ఇంగ్లీషులో ఆరు అక్షరాలు, ఆరు జెండాలు.

1. ఆర్: ఎరుపు మీద పసుపు అడ్డం నిలువు గీతలు.
2. ఎ: తాడు వైపు తెలుపు, కొన వైపు నీలం, కొన చీలి ఉంటుంది.
3. జె: అడ్డంగా నీలం, తెలుపు, నీలం.
4. పి: నీలం అంచు, మధ్యలో తెల్ల చతురస్రం.
5. యు: ఎరుపు, తెలుపు నాలుగు గళ్లు.
6. టి: నిలువుగా ఎరుపు, తెలుపు, నీలం.

ఒక్కోటి 3 అడుగులు × రెండున్నర అడుగులు. నల్గొండలో పెద్ద వయసు టైలర్ చాచా ఒప్పుకున్నాడు.

మొదట కాటన్ పాప్లిన్ తీసుకున్నాం. పి జెండాకు నీలం గుడ్డ మీద తెల్ల ముక్క పెట్టి కుట్టించాం. అది ఒక వైపు నుంచే పి. వెనక నుంచి చూస్తే ఉత్త నీలం జెండా, పైగా మధ్యలో బరువెక్కి వేలాడుతుంది. రెండు వైపులా ఒకేలా కనపడాలంటే, తెల్ల ముక్క కుట్టాక వెనక ఉన్న నీలాన్ని కుట్టుకు అర అంగుళం లోపలగా కత్తిరించి, ఆ అంచును మడిచి మళ్లీ కుట్టాలి. చాచా ఒకటి చేసి చూపించాడు, మిగిలినవన్నీ అలాగే కుట్టాడు.

రంగు సంగతి ఇంకా పెద్దది. నవంబరు చివర మంచు బాగా కురుస్తుంది. ఒక రాత్రి జెండాలను బయటే ఉంచి చూశాం. పొద్దున్నకల్లా యు, టి జెండాల్లో ఎరుపు తెలుపులోకి దిగి, తెలుపంతా లేత గులాబీ అయింది. ఉప్పు నీళ్లలో నానబెట్టినా ఎరుపు వదులుతూనే ఉంది. మొత్తం పాలిస్టర్‌కు మార్చాం. కొనేముందు దుకాణంలోనే ఎర్ర గుడ్డ చెంగు తడిపి తెల్ల కర్చీఫ్‌కు రుద్ది చూసుకోండి, అర నిమిషం పని.

కట్టే తీరులోనూ ఒక మార్పు. తోరణం కట్టినట్టు అడ్డ తాడుకు వేలాడదీస్తే జెండా పక్కకు తిరిగిపోతుంది. టి నిలువు గీతలు అడ్డ గీతలైపోయాయి. సిగ్నల్‌మన్‌గా చేసిన మిత్రుడు వీడియో కాల్‌లో చూడగానే పట్టుకున్నాడు. రెండు నిలువు తాళ్లు వేసి, మొదటి మూడు అక్షరాలు ఒకదానిపై, మిగిలిన మూడు ఇంకోదానిపై, పై నుంచి కిందికి చదివేలా కట్టాం. జెండాకూ జెండాకూ ముడి వేయకుండా వేప కర్రతో రెండున్నర అంగుళాల టాగుల్స్ (ఉచ్చులో దూర్చే చిన్న కర్ర ముక్కలు) చేశాను. ఒక జెండా టాగుల్ పై జెండా ఉచ్చులో దూరుతుంది. ముడి వేయలేని వేళ్లు కూడా టాగుల్ దూర్చగలవు.

ఖర్చు: మొదటి గుడ్డ రూ. 1,450. రెండో గుడ్డ రూ. 2,100. కుట్టు రూ. 1,800. జాతీయ జెండా రూ. 900. ఈ దశ రూ. 6,250. ఇప్పటిదాకా రూ. 28,330.

దశ 5: గంట

మా జాబితాలో పదకొండు మంది ఇప్పుడు లేరు. వాళ్ల కోసం జెండా సగం దించుదామని ఒక మాట వచ్చింది. అది ప్రభుత్వం ఆదేశించినప్పుడు మాత్రమే చేయాలి, మన ఇష్టం కాదు. షిప్ సంప్రదాయంలో దానికి గంట ఉంది. నాలుగు గంటల సేపుండే వాచ్ (డ్యూటీ వంతు) పూర్తయితే గంట మీద ఎనిమిది దెబ్బలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మనిషి వాచ్ ముగిసిందనడానికీ అవే దెబ్బలు.

నల్గొండ ఇత్తడి దుకాణంలో 3.2 కిలోల గుడి గంట తీసుకున్నాం. గుడి గంట మోగుతూనే ఉండేలా పోస్తారు, ఆ గుణమే ఇక్కడ అడ్డం వచ్చింది. మొదటి దెబ్బ ఆగకముందే రెండోది పడి జత జతగా వినపడలేదు, ఒకటే హోరు. నాలుకకు సైకిల్ ట్యూబ్ చుడితే చెక్క మీద కొట్టినట్టు డబ్‌మంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర 2 మి.మీ. తోలు తీసుకుని నాలుక కొనకు ఒక్క చుట్టు చుట్టించాం. దెబ్బ స్పష్టంగా పడి, మోత త్వరగా తగ్గింది. దెబ్బల మధ్య ఒక ఊపిరి, జతల మధ్య మూడు ఊపిర్లు వదిలితే సరిపోతుంది.

గంటను మొదట ఆరున్నర అడుగుల ఎత్తున వేలాడదీశాం. చనిపోయిన మా షిప్‌మేట్ ఒకరి భార్య మిర్యాలగూడలో ఉంటుంది. ఆమెకు ఫోన్ చేసి, ఆయన పేరు చదువుతామని చెప్పాను. "అన్నా, ఆ గంట నేను కొట్టొచ్చా?" అని అడిగింది. అప్పటిదాకా గంట క్వార్టర్‌మాస్టర్‌గా చేసినవాళ్లు కొడతారని రాసుకున్నాం. ఆ కాగితం మార్చేశాం. ప్రతి పేరుకూ ఒక జత, ఆ ఇంటివాళ్లే కొట్టాలి. చివర ఎనిమిది దెబ్బలు చీఫ్ గారు. గంటను 5 అడుగులకు దించి, తాడు రెండు అడుగులు పొడవు చేశాం. కుర్చీలో కూర్చుని కూడా అందుతుంది.

ఖర్చు: గంట రూ. 2,880. బ్రాకెట్ రూ. 450. తోలు రూ. 70. ఈ దశ రూ. 3,400. మొత్తం రూ. 31,730.

దశ 6: డిసెంబరు 10, 11

మాండూస్ తుఫాను 9వ తేదీ రాత్రి మామల్లపురం దగ్గర తీరం దాటింది. దాని మబ్బు, ముసురు మా దాకా వచ్చాయి. 10న జెండా ఎక్కించకుండా ఉత్త మాస్ట్ నిలబెట్టి చూశాం. స్టే తాళ్లు తడిసి కొద్దిగా సాగాయి. ఒక్కోదాన్ని మూడు అంగుళాలు లాగి మళ్లీ కట్టాం. టర్న్‌బకిల్ (తిప్పితే తాడు బిగిసే మర) పెట్టి ఉంటే ఈ పని నిమిషంలో అయ్యేది. సాగర్‌లో లాంచీ ప్రయాణం రద్దు చేశాం. తడి మెట్లు, అరిగిన మోకాళ్లు కలవకూడదు.

11న పొద్దున 8 గంటలకు కలర్స్, అంటే జెండా ఎక్కించే కార్యక్రమం. మాస్ట్ లేపడానికి నలుగురు చాలు, కానీ తాడు వదలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కప్పీ తాడు 30 మీటర్లు ఉండటం ఇక్కడ పనికొచ్చింది, వరుసగా అందరూ పట్టుకున్నారు. చీఫ్ గారు "హైలెస్సా" అన్నారు, మిగిలినవాళ్లు అందుకున్నారు. మాస్ట్ నిటారుకు రాగానే తాళం బోల్టు దూర్చడానికి ఒకరు నేల దగ్గర కూర్చోవాలి. ఆ ఒక్క పని మాత్రం మా తమ్ముడి కొడుకు చేశాడు.

జెండా చకచకా పైకి వెళ్లాలి, దిగేటప్పుడు నిదానంగా దిగాలి. కోడ్‌లో ఉన్నదీ అదే, మాకు నేర్పిందీ అదే. ఎక్కించింది మాలో అందరికన్నా చిన్నవాడు. బోసన్ పైప్ (నేవీ ఈల) ఊదిన మిత్రుడికి మొదట గాలి అందలేదు. అందరూ అటెన్షన్‌లోనే ఆగారు, రెండోసారి పలికింది.

మధ్యాహ్నం బడా ఖానా: మటన్, జొన్న రొట్టె, సాగర్ బొచ్చె చేపల పులుసు. వంట గురించి రాయడానికి ఏమీ లేదు, అన్నీ అయిపోయాయి.

సాయంత్రం 5:40 దగ్గరదగ్గర సన్‌సెట్. మబ్బులో సూర్యుడు కనపడలేదు, టైం చూసుకునే మొదలుపెట్టాం. 2022 జులైలో వచ్చిన సవరణ వల్ల రాత్రి కూడా జెండా ఉంచవచ్చు. మేం షిప్ పద్ధతి ప్రకారం దించేశాం. తాడు చీఫ్ గారి చేతిలో ఉంది. 10 మి.మీ. తాడు ఆయన మూసుకోని పిడికిలిలో ఎక్కడా జారలేదు, ఒక్కో పట్టు మార్చుకుంటూ చివరిదాకా ఆయనే దించారు. 2021లో విశాఖలో చూడలేకపోయింది అక్కడ చూశాం. చాలామంది కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. తర్వాత పదకొండు పేర్లు, పదకొండు జతలు, ఎనిమిది దెబ్బలు. మిర్యాలగూడ నుంచి వచ్చిన చెల్లెమ్మ రెండు దెబ్బలూ తడబడకుండా కొట్టింది.

తర్వాత

వచ్చేసారి కలయిక శ్రీకాకుళం వైపు. కాంక్రీటు, చానెళ్లు తోటలోనే ఉంటాయి. మిగతాదంతా విడదీస్తే 10 అడుగుల పొడవులో ట్రాలీ ఆటో పైకి వస్తుంది. అక్కడ చేయబోయేవాళ్ల కోసం మార్చాల్సినవి రాసి పెట్టాను:

1. స్టే తాళ్లకు టర్న్‌బకిళ్లు, రెండు చాలు.
2. తాళం బోల్టు 6 అంగుళాల ఎత్తున కాకుండా అడుగున్నర ఎత్తున. కూర్చోకుండా దూర్చవచ్చు. స్లీవు రెండో చోట వెల్డింగ్ చేయించాలి, పాత రంధ్రం మూయాలి.
3. పై అతుకు రింగుల్లో ఒకటి వెల్డింగ్ వదిలింది. బిగించాకే మాస్ట్ లేపాలి.
4. సముద్రం పక్కన ఇనప బోల్టు ఏడాదిలో పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ 20 మి.మీ. తీసుకుని గ్రీజు పెట్టాలి.
5. గంట మీద తోలు వాన తగిలితే గట్టిపడుతుంది. కొత్త ముక్క గంట సంచిలోనే పెట్టాను, సూది, మైనం దారంతో సహా.